బీదలపాట్లు: రెండు వెండి సెమ్మెల కథ



నేటి సాయంకాలము మీతో ఒక పాత చలనచిత్రమును గూర్చి ముచ్చటింపదలచితిని. చలనచిత్రమనగానే కొందఱు పెద్దలు, "ఇది పిల్లల వేడుక, మనకెందుకు?" అని రేడియో కట్టివేయుదురేమో. ఒక్క పావుగంట ఓపిక పట్టుడని నా ప్రార్థన. నేను చెప్పబోవునది తారల వేషములను గూర్చి గాదు, పాటలను గూర్చియు గాదు. చెఱసాలనుండి తిరిగివచ్చిన మనిషిని ఊరు ఎట్లు చూచును, ఎట్లు చూడవలెను అనునదియే నేటి నా విషయము. ఆ విషయమును నాకు మొదట బోధించినది ఒక చలనచిత్రమగుటచే దానితో ప్రారంభించుచున్నాను.

ఆ చిత్రము పేరు "బీదలపాట్లు". అది 1950వ సంవత్సరమున వెలువడినది. మన శ్రీకాకుళము విశాఖపట్టణము జిల్లానుండి విడివడి ప్రత్యేకమైన జిల్లాగా ఏర్పడినదియు ఆ సంవత్సరముననే, ఆగష్టు 15వ తేదీన. జిల్లా పుట్టిన సంవత్సరము పలువురకు జ్ఞాపకమున్నది. చిత్రము పేరు మాత్రము నేడు చాలమందికి తెలియదు. 1972లో అదే పేరుతో విఠలాచార్యగారు అక్కినేని నాగేశ్వరరావుగారిని నాయకునిగా నిలిపి మఱియొక చిత్రము తీసిరి. ఆ పేరు విన్నంతనే ఎవరికైన ఏదైన స్ఫురించినచో ఆ రెండవదే స్ఫురించును. మొదటిది మఱుగున పడినది.

ఆ మొదటి చిత్రమును తీసినవారు కోయంబత్తూరులోని పక్షిరాజా స్టూడియోవారు. నిర్మాత శ్రీరాములు నాయుడుగారు; దర్శకుడు రామ్‌నాథ్‌గారు. ఈ రామ్‌నాథ్‌గారు అంతకుముందు వాహినీవారితో కలసి పనిచేసి, 1939లో వచ్చిన "వందేమాతరము" మొదలగు తెలుగు చిత్రములకు ఛాయాగ్రహణము చేసినవారు. ఒకే కథను తమిళమున "ఏళై పడుం పాడు" అను పేరను, తెలుగున "బీదలపాట్లు" అను పేరను తీసిరి. రెండు పేరులకును అర్థమొక్కటే. రెండింటను కథానాయకుడు చిత్తూరు నాగయ్యగారే. పోతనగాను, త్యాగయ్యగాను, వేమనగాను తెలుగువారి కన్నులయెదుట నిలిచిన ఆ మహానటుడు ఈ చిత్రమున దొంగవేషము ధరించెను. త్యాగరాజస్వామిగా చూచి చేతులెత్తి మ్రొక్కినవారు ఆయనను చెఱసాలనుండి వెలువడిన మనిషిగా చూడవలసివచ్చెను. ఆ మార్పులోనే కథలోని సగము బలమున్నదని నాకు తోచును.

ఇక కథ మనదేశపుది గాదు. ఫ్రాన్సుదేశమున విక్టర్ హ్యూగో అను మహాకవి యుండెను. ఆయన 1802లో పుట్టి 1885లో గతించెను. 1851లో లూయీ నెపోలియను ప్రజాప్రభుత్వమును పడద్రోసి అధికారమును చేజిక్కించుకొనగా, ఆయనను ఎదిరించి హ్యూగో దేశమును విడిచిపోవలసివచ్చెను. గెర్న్సీ అను చిన్న దీవిలో ప్రవాసముండి, ఏనాడో ఆరంభించి ఆపివేసిన ఒక పెద్ద నవలను అచ్చట పూర్తిచేసెను. అది 1862లో అచ్చుపడినది. ఐదు భాగముల గ్రంథము. దాని పేరు "లే మిజెరాబ్ల్". దీనులు, దిక్కులేనివారు అని అర్థము. తమిళమున దానిని శుద్ధానంద భారతిగారు అనువదించిరి. చిత్రమునకు పేరును ఆ అనువాదమునుండియే లభించినది.

కథను సంక్షేపముగా మనవిచేసెదను. జాన్ వల్జాన్ అను ఒక పల్లెటూరి కూలివాడు చెట్లకొమ్మలు నఱకి జీవనము చేయుచుండెను. భర్తను పోగొట్టుకొన్న అక్కయు, ఆమె యేడుగురు బిడ్డలును ఆతని రెక్కల కష్టముమీదనే బ్రదుకుచుండిరి. 1795వ సంవత్సరమున ఒక శీతకాలమందు పని దొరకలేదు. ఇంట తిండి లేదు. ఒకనాటి రాత్రి రొట్టెల అంగడి అద్దమును పగులగొట్టి ఒక్క రొట్టె తీసికొనెను. పట్టుపడెను. ఐదేండ్ల కఠినశిక్ష పడెను. అక్క యేమైనదో, బిడ్డలేమైరో యని తప్పించుకొని పోజూచెను, మరల పట్టుపడెను. ఇట్లు నాలుగు పర్యాయములు జరుగగా శిక్ష పెరిగి పెరిగి పందొమ్మిదేండ్లైనది. ఐదేండ్లు రొట్టెకు, పదునాలుగేండ్లు పాఱిపోవుటకు. లోపలికి పోయినపుడు ఏడ్చుచు పోయెను; 1815లో వెలుపలికి వచ్చునప్పటికి ఆ కంటిలో నీరు లేదు. పందొమ్మిదేండ్ల కూలిక్రింద ఆతని చేతబెట్టినది నూటతొమ్మిది ఫ్రాంకులు, పదునైదు సూలు. దానితోబాటు ఒక పసుపుపచ్చని చీటీ. ఏ యూరికి పోయినను ముందు ఆ చీటీ చూపవలెను. ఇతడు దొంగ, ఇన్నేండ్లు చెఱలోనున్నవాడు అని అందులో వ్రాసియుండును.

ఆ చీటీ చూచినవాడెవ్వడును ఆతనికి అన్నము పెట్టలేదు. పూటకూళ్ళవారు పొమ్మనిరి. కుక్కలదొడ్డిలో పండుకొనబోగా కుక్క తఱిమెను. తుదకు దీన్యు అను పట్టణమున మిరియెల్ అను వృద్ధ మతాచార్యుడు ఆతనిని "అయ్యా" యని మన్నించి పిలిచి, తన బల్లయొద్ద కూర్చుండబెట్టి, వెండిసామానుతో భోజనము పెట్టించి, పడక యేర్పాటుచేసెను. ఆ రాత్రియే వల్జాన్ ఆ వెండిసామానును మూటగట్టుకొని గోడ దుమికెను. తెల్లవాఱగానే రక్షకభటులు ఆతనిని పట్టి తెచ్చిరి. అపుడు ఆ వృద్ధుడు చేసిన పని యేమి? ఆ వెండి తానే యిచ్చితిననియు, దానితోబాటు ఇచ్చిన రెండు వెండి దీపపు సెమ్మెలను ఏల మఱచిపోయితివనియు అడిగి, ఆ సెమ్మెలను గూడ ఆతని చేతిలో పెట్టెను.

ఈ ఘట్టము పెద్దలలో పలువురకు వేఱొక దారిని తెలిసియుండవచ్చును. మెకిన్నెల్ అను ఆంగ్లరచయిత 1901లో దీనిని చిన్న నాటకముగా వ్రాసెను. మనదేశమున తరములుగా బడిపిల్లలు దానిని పాఠముగా చదివిరి, వార్షికోత్సవములలో ఆడిరి. సెమ్మెల కథ తెలియును గాని అది ఏ గ్రంథములోనిదో తెలియని విద్యార్థులు ఎందఱో కలరు.

తరువాతి కథ దీర్ఘమైనది. వల్జాన్ పేరు మార్చుకొని యొక పట్టణమున పూసల పరిశ్రమ నెలకొల్పి, ధనవంతుడై, వందలమందికి పని కల్పించి, నగరాధ్యక్షుడగును. ఒక దిక్కులేని తల్లి చనిపోవుచు అప్పగించిన బిడ్డను కన్నకూతురువలె పెంచును. జావేర్ అను పోలీసు అధికారి మాత్రము ఆతని పాతపేరును పసిగట్టి, ఏండ్ల తరబడి వెన్నాడుచుండును. ఒకానొక సమయమున వేఱొక నిరపరాధిని వల్జానని భ్రమపడి న్యాయస్థానమున నిలుపగా, తనకు సుఖముగ నున్న పదవిని, పేరును తృణమువలె విడిచి, వల్జాన్‌ను నేనేయని వల్జాన్ తానే పోయి చెప్పును.

చిత్రము తీసినవారు ఈ గ్రంథమునంతను తీసికొనలేదు. ఎట్లు తీసికొందురు? అందు వాటర్లూ యుద్ధమునకే ఎన్నో ప్రకరణములు కలవు. పారిస్ నగరపు వీథులలో 1832లో జరిగిన తిరుగుబాటు కలదు. ఆ నగరపు భూగర్భపు మురుగుకాలువల వర్ణన కలదు. ఇవియన్నియు ఫ్రాన్సుదేశపు చరిత్ర. వారు వానిని ప్రక్కకుపెట్టి, పాత్రలకు మనదేశపు పేరులు పెట్టి, మనదేశపు బట్టలు కట్టి, అస్థిపంజరమును మాత్రము నిలుపుకొనిరి. ఆకలికి దొంగిలినవాడు, నమ్మిన పుణ్యాత్ముడు, పెంచుకొన్న బిడ్డ, వెన్నాడు పోలీసువాడు: ఈ నలుగురే మిగిలిరి. తమిళమున ఆ పోలీసువేషము ధరించిన సీతారామన్ అను నటునికి "జావర్ సీతారామన్" అను పేరే జీవితాంతము నిలిచిపోయినది.

ఇట్లు మార్చుట అపచారమా? కొందఱు పండితులు అట్లే యందురు. కాని మన ప్రాంతపు పెద్దలకు నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. తోలుబొమ్మలాటలో రామాయణము నడచుచుండగా కేతిగాడును, బంగారక్కయు నడుమ వచ్చి మనల నవ్వింపరా? వాల్మీకి వారిని ఎఱుగునా? మన తూర్పుభాగవతమున సత్యభామ తెల్లవాఱువఱకు మన యాసలో మాటలాడదా? విజయనగరమున ఆదిభట్ల నారాయణదాసుగారు పారశీక కవియైన ఉమర్ ఖయ్యాము పద్యములను సంస్కృతమునకును, అచ్చతెలుగునకును తెచ్చిరి. షేక్స్‌పియరును కాళిదాసును ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి "నవరసతరంగిణి" కూర్చిరి. పరదేశపు కథకు మన యింట పీట వేయుట మనకు క్రొత్తగాదు. అడుగవలసిన ప్రశ్న యొక్కటే: వచ్చిన అతిథి తన ప్రాణమును వెంట తెచ్చుకొన్నాడా, లేక బట్టలు మాత్రమే తెచ్చుకొన్నాడా? ఈ కథ ప్రాణముతోనే వచ్చినదని నేను సాక్ష్యము చెప్పగలను. ఎట్లన, అది మా తాతగారిని తాకుట నేను కన్నులార చూచితిని.

అప్పటికి నాకు పదేండ్లు. మా యూరు నాగావళి యొడ్డున చిన్న పల్లె. సంత జరుగు పొరుగూరి తోపులో టూరింగు టాకీసు డేరా వేసిరి. చిత్రము మద్రాసులో ఆడిన రెండేండ్లకు గాని మా ప్రాంతపు డేరాకు రాలేదు. తాతగారు సినిమాలు చూచువారు గారు. ఐనను త్యాగయ్యవేషము కట్టిన నాగయ్యగారి చిత్రమనగా, అది భక్తిచిత్రమేమోయని బండి కట్టించిరి. నేలటిక్కెట్టువారు ఇసుకమీద, మేము వెనుక బల్లమీద. యంత్రమొక్కటియే యగుటచే చుట్ట అయిపోయినప్పుడెల్ల దీపములు వెలుగుచుండెడివి. మరల చీకటి, మరల కథ.

వెండి దొంగిలిన మనిషిని పట్టి తెచ్చుటయు, తానే యిచ్చితినని ఆ పుణ్యాత్ముడు చెప్పుటయు తెఱమీద జరిగినవి. డేరాలోని జనమంతయు "అబ్బ!" యని యొక్క నిట్టూర్పు విడిచెను. తరువాత చుట్ట మార్చుటకు దీపములు వెలిగినవి. చూతునుగదా, ప్రక్కన తాతగారు లేరు. వెదకుకొనుచు వెలుపలికి పోగా ఆయన బండియొద్ద, ఎద్దు మూపుమీద చేయివైచి, చీకటిలో నిలుచుండిరి. మిగిలిన చిత్రము మేము చూడలేదు. దాని ముగింపు నాకు చాల యేండ్ల తరువాత గాని తెలియలేదు.

తిరుగుదారిలో తాతగారు చెప్పిన సంగతి యిది. యుద్ధకాలమున, 1942లో జపానువారు బర్మాను ఆక్రమింపగా రంగూను బియ్యము మనకు రాకపోయెను. ధరలు పెరిగినవి. ఆ మఱుచటి యేట మా కళ్ళములో ఒక పాలికాపు కుంచెడు చోళ్ళు మూటగట్టుకొనుచు పట్టుపడెను. ఇంట చంటిబిడ్డకు అంబలికి లేవని చెప్పెనట. తాతగారు వినలేదు. "నేడు కుంచము, రేపు పుట్టి" యనిరి. పోలీసులకు అప్పగించిరి. ఆఱు నెలలు శిక్ష పడెను. శిక్ష తీఱి వచ్చినపిదప ఆతనిని ఊడ్పులకు పిలిచినవారు లేరు, కోతలకు పిలిచినవారు లేరు. ఒకనాడు ఆతడు మా యింటికి వచ్చి, ప్రొద్దు పొడిచినది మొదలు మిట్టమధ్యాహ్నమువఱకు వీథి అరుగుచెంత నిలుచుండెను. ఆ సాయంకాలమే పెండ్లామును, బిడ్డను వెంటబెట్టుకొని ఆమదాలవలస పోయి రైలెక్కెను. ఖరగ్‌పూరు పోయినాడని యొకరు, కలకత్తా పోయినాడని యొకరు చెప్పిరి. మరల రాలేదు.

ఇంతయు చెప్పి తాతగారు చాలసేపు మాటలాడలేదు. బండి ఏటిగట్టు ఎక్కినపిదప మెల్లగా ననిరి: "నేను లోపలే ఉన్నానురా బాబూ. ఆడు అరుగుకాడ నిలబడ్డాడు. నేను లోపలే ఉన్నాను."

ఆ మాట తప్ప ఆయన వేఱేమియు చెప్పలేదు. నాకప్పుడు పూర్తిగా బోధపడలేదు. నేడు బోధపడినది. ఆ పాలికాపునకు న్యాయస్థానము వేసిన శిక్ష ఆఱు నెలలు. మా యూరు వేసిన శిక్షకు గడువు లేదు. ఫ్రాన్సుదేశమున పసుపుపచ్చని చీటీ కాగితముమీద వ్రాసి యిచ్చిరి. మా యూరివారికి కాగితము గూడ అక్కఱలేకపోయెను.

పెద్దలారా, రొట్టె దొంగతనము మనకు వింతకథ గాదు. శ్రీకాకుళము గంజాము జిల్లాలో చేరియున్న కాలమున, 1866లో, ఒరిస్సానుండి గంజామువఱకు దారుణమైన కఱవు వచ్చెను. 1888-89లో గంజాము మరల కఱవుపాలయ్యెను. ఆకలి యనగానేమో ఈ నేలకు తెలియును. పసుపు చీటీయు మనకు వింతగాదు. ఇంగ్లీషు ప్రభుత్వమువారు 1871లో ఒక చట్టము చేసిరి. దాని ప్రకారము కొన్ని జాతులకు జాతులనే నేరజాతులని పేరుపెట్టిరి. 1911లో క్రొత్తచట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చినది. ఆ పట్టికలోనికి ఎక్కినవాడు పోలీసు ఠాణాలో హాజరు వేయించుకొనవలెను; ఊరు విడుచుటకు అనుమతి చీటీ పొందవలెను. వల్జాన్ రొట్టెయైన దొంగిలెను. వీరిలో ఎందఱో ఏమియు దొంగిలింపకయే, పుట్టినందుకే ఆ చీటీ మోసిరి. మద్రాసు రాజ్యమున 1947లో ఆ చట్టము తొలగినది. దేశమంతటను 1952 ఆగష్టు 31వ తేదీన రద్దయినది. చట్టము పోయినది గాని ఆ పేరు చెప్పి నొసలు చిట్లించుట మాత్రము చాల యూళ్ళలో పోలేదు.

ఇక జావేర్‌ను గూర్చి యొక మాట. ఆతడు దుర్మార్గుడని మన మనుకొందుము. హ్యూగో అట్లు చిత్రింపలేదు. జావేర్ లంచము పుచ్చుకొనడు, అబద్ధమాడడు, తన తప్పునకు తానే శిక్ష కోరును. ఆతడు చెఱసాలలోనే పుట్టెను. తండ్రి ఖైదీ, తల్లి సోదె చెప్పునది. అట్టి పుట్టుకనుండి తప్పించుకొనుటకు చట్టమును గట్టిగా పట్టుకొనెను. ఒకమారు దొంగయైనవాడు ఎప్పుడును దొంగయే యని ఆతని నమ్మకము. తుదకు ఆ దొంగయే తన ప్రాణమును కాపాడగా ఆ నమ్మకము పగిలిపోయెను. పట్టుకొనిన కృతఘ్నుడు, విడిచిన కర్తవ్యభ్రష్టుడు. ఈ రెంటినడుమ నిలువలేక నదిలో దూకి ప్రాణము విడిచెను. నియమమును ప్రేమించి మనిషిని మఱచిన నిజాయితీపరుని దుఃఖమది. మా తాతగారును అబద్ధమాడినవారు గారు. తమ ధాన్యము తాము కాపాడుకొనిరి, అది తప్పుగాదు. తప్పు కళ్ళముకడ జరుగలేదు, అరుగుకడ జరిగినది.

చట్టము గూడ కాలక్రమమున ఈ భేదమును గ్రహించినది. 1958లో మన పార్లమెంటు నేరస్థుల పరివీక్షణచట్టము చేసినది. మొదటిసారి చిల్లర దొంగతనమువంటి తప్పు చేసినవానిని మందలించి విడిచిపెట్టుటకు గాని, మంచినడవడికి పూచీ తీసికొని విడిచిపెట్టుటకు గాని న్యాయాధిపతికి అందు అధికారము కలదు. ఇరువదియొక్క యేండ్లు నిండని వానిని చెఱకు పంపవలసివచ్చినచో అందుకు కారణము వ్రాయవలెను. ఇట్లు విడిచిపెట్టబడినవానికి, ఆ తీర్పువలన ఉద్యోగాదులయందు అనర్హత కలుగరాదనియు అందే కలదు. అనగా పసుపు చీటీ చింపివేయుమని చట్టమే చెప్పినది. ఇక చింపవలసినది మనము.

మీలో కొందఱు, "అందఱును వల్జానులగుదురా? నమ్మి చెడినవారు లేరా?" యని యడుగుదురు. న్యాయమైన ప్రశ్న. నవలలోనే దీనికి సమాధానమున్నది. నాటకముగా చదివినవారికి ఆ భాగము తెలియదు. వెండి సెమ్మెలు పుచ్చుకొని పోయిన వల్జాన్ వెంటనే పుణ్యాత్ముడు కాలేదు. ఆ దినముననే బయటిపొలములో ఒక పసివాని నాణెము దొరలి వచ్చి తన పాదమువద్ద పడగా, దానిని తొక్కిపట్టి, పిల్లవాడు ఏడ్చుచున్నను ఇయ్యక తఱిమివేసెను. వాడు కనుమఱుగైన పిదప గాని తానేమి చేసెనో తెలిసికొనలేదు. అపుడు వెదకినను పిల్లవాడు దొరకలేదు. పందొమ్మిదేండ్ల తరువాత మొదటిసారి ఆతడు ఏడ్చినది అప్పుడే. దయ మంత్రము గాదు, విత్తనము. నాటిననాడే మొలవలేదని దున్నివేయు రైతు ఉండునా? ఆ మతాచార్యుడు సెమ్మెలిచ్చునపుడు వల్జాన్ మాఱునని ఋజువు అడుగలేదు. ముందు నమ్మెను. మాఱుట తరువాత వచ్చెను. ఋజువు చూపిన పిదప నమ్ముదుమన్నచో ఋజువు చూపుటకు ఆతనికి చోటేది? పని యియ్యనివానికి నిజాయితీ చూపుమని చెప్పుట, నీరు పెట్టక చేను పండుమని చెప్పుటయే.

నాగయ్యగారిని గూర్చి చెప్పక ముగింపజాలను. ఆయన 1904లో గుంటూరు మండలమున రెంటచింతలలో పుట్టెను. దక్షిణదేశమున గొప్ప పారితోషికము పొందిన నటులలో ఒకడు. వచ్చినదానిని వచ్చినట్లే అడిగినవారికి పంచెనని ఆ కాలమువారందఱును చెప్పుకొందురు. 1964లో "రామదాసు" చిత్రము తానే తీసి ధనమును పోగొట్టుకొనెను. 1973లో గతించునాటికి ఆయనకు మిగిలినది కీర్తి మాత్రమే. తెఱమీద సెమ్మెలు పుచ్చుకొన్న దొంగ, ఇంటికి పోయినపిదప సెమ్మెలిచ్చు ఆచార్యుడుగా బ్రదికెను. పోతన వేషమున ఆయనను చూచినవారు కోకొల్లలు. ఈ దొంగవేషమును గూడ జ్ఞాపకముంచుకొనదగునని నా మనవి.

ఇక పెద్దలకు నా విన్నపములు మూడు. మొదటిది: మీ యూరినుండి చెఱకు పోయినవాడెవ్వడైన తిరిగివచ్చినచో, మొదటి వారములోనే ఆతనికి ఏదైన పని చెప్పుడు. గడ్డివామి వేయుటయైన సరే, గట్టు వేయుటయైన సరే. కూలి అందఱికిచ్చినంత యిండు. ఒక్క పెద్దయిల్లు పిలిచినచో మిగిలిన యిండ్లు తాము పిలుచును. రెండవది: ఆతని బిడ్డలను బడిలో ఎవరైన తండ్రి పేరు పెట్టి వెక్కిరించినచో ఆ వెక్కిరించినవారి తండ్రులను మందలింపుడు. తండ్రి శిక్ష తండ్రితో తీఱవలెను. మూడవది: ఊరిలో ఏది పోయినను ముందు ఆతని గుడిసె వెదకు అలవాటు మానుకొనుడు. జావేర్ పోలీసువేషముననే యుండనక్కఱలేదు, రచ్చబండమీదను కూర్చుండవచ్చును.

మా తాతగారు ఆ తరువాత పదునాలుగేండ్లు బ్రదికిరి. ఖరగ్‌పూరునుండి సెలవులకు ఎవరు వచ్చినను ఆ పాలికాపు పేరు చెప్పి విచారించెడివారు. జాడ తెలియలేదు. ఆ పదునాలుగేండ్లలో మా యింటనుండి ఎవరిమీదను ఫిర్యాదు పోలేదని చెప్పజాలను, పోయినవి. కాని శిక్ష తీఱి వచ్చినవాడు మా అరుగుకడకు వచ్చినపుడు తాతగారు లోపల నుండిపోవుట మాత్రము మరల జరుగలేదు. ఎంత పనిలోనున్నను లేచి, కండువా భుజముమీద వైచుకొని, వెలుపలికి వచ్చి, "ఎప్పుడొచ్చినావు బాబూ? కూర్చో" అనెడివారు.

వెండి సెమ్మెలు అందఱి యిండ్లలోను ఉండవు. అరుగు మాత్రము ఉన్నది. అచ్చటికి మీరు వెలుపలికి వత్తురని నమ్ముచు సెలవు తీసికొనుచున్నాను.